సర్పంచి గారింట్లో కసరత్తు

పెరట్లో ఏదో ఈడుస్తున్న చప్పుడు వినపడి నరసింహారావు కిటికీ దగ్గరికి వచ్చాడు.

భార్య సుకన్య చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, వడ్ల బస్తా చెవులు రెండూ పట్టుకుని, వెనక్కి నడుస్తూ నాపరాళ్ల మీద లాగుతోంది. పొయ్యి మీద పాలు కాగుతున్నాయి. పక్కింటి జాస్మిన్, బడిలో ఆటలు నేర్పే టీచరు, పీట మీద కూర్చుని చెబుతోంది.

"నడుము వంచొద్దక్కా. మోకాళ్ళు వంచు. చేతులు పట్టుకోడానికే, లాగాల్సింది కాళ్ళు."

"ఇదొక్కటి చేస్తే చాలా?"

"ఎట్టా చాలుద్ది? అట్టని అన్నీ చెబితే నీకు తీరికుండదు. కొత్తదానివి, మూడు పెట్టుకో. పీట మీద కూర్చుని లేవడం, గోడకి చేతులానించి నెట్టడం, ఈ లాగడం. రోజు మార్చి రోజు. పాలు పొంగేలోపు అయిపోవాల."

"గోడ సంగతి తర్వాత చూద్దాంలే. నాకు లాగేది బాగా రావాల."

"ఇంతకీ ఏం లాగాలక్కా నువ్వు? గేదెనా?"

"గేదె నయం. అదిలిస్తే లేస్తది."

ఇద్దరూ నవ్వుకున్నారు. కిటికీ వెనక నరసింహారావు నవ్వలేదు. ఒళ్ళు తగ్గాలని ఆడవాళ్ళు తిప్పలు పడటం ఆయన చూశాడు. బస్తా లాగడం బాగా రావాలని పట్టుబట్టే మనిషిని ఇదే చూడటం.

పైగా నేర్పేది జాస్మిన్. బడి పక్కన ఆటస్థలాన్ని సున్నపురాయి లారీలు నిలుపుకోడానికి ఇప్పిస్తానని ఆయన పిడుగురాళ్ల ఆసామి ఒకడికి మాటిచ్చాడు. సోమవారం గ్రామసభలో తీర్మానం కావాలి. ఆ స్థలంలో ఆడపిల్లల చేత ఖోఖో ఆడించేది ఈమే. ఊరు ఊరంతా ఆయన్ని సర్పంచి గారని పిలుస్తుంది. ఆయన కుర్చీ కింద ఎవరు మంట పెట్టినా పొగ ముందుగా ఆయన ముక్కుకే తగులుతుంది.

మర్నాడు పంచాయతీ అటెండరు యేసుపాదం ఇంకో కబురు మోసుకొచ్చాడు.

"అయ్యా, అవతలి వర్గం పుల్లమ్మ రేషన్ షాపు కాడ మన అమ్మగారితో మాట్టాడింది."

"ఏం మాట్టాడింది?"

"వినపళ్ళేదయ్యా. నవ్వుకున్నారు."

నవ్వుకున్నారంటే చిన్న విషయం కాదు.

సుకన్య స్నానానికి పోయినప్పుడు ఆయన ఆమె ఫోను తీసి చూశాడు. పుల్లమ్మ నంబరు లేదు. ఉన్నవన్నీ వీడియోలు. ఇంట్లో సామాన్లతో కండబలం. తీరిక లేని ఆడవాళ్ళకి కండబలం. ఒకావిడ చీరకట్టులోనే గ్యాసుబండ ఎత్తి దించుతోంది. ఎత్తిన ప్రతిసారీ సూటిగా తనవైపే చూస్తున్నట్టుంది. ఆయన ఫోను బోర్లించి పెట్టేశాడు.

అన్నం దగ్గర అడిగాడు.

"ఏందే ఈ కుస్తీలు?"

"నడుం నొప్పండి."

"నడుం నొప్పోళ్ళు బస్తాలు లాగుతారా?"

"లాగితేనే తగ్గుద్దంట."

పప్పు వడ్డిస్తూ ఆమె తిరిగి అడిగింది. "మీరెంత బరువుంటారు?"

నరసింహారావు చేతిలో ముద్ద అక్కడే ఆగింది. "ఎందుకు?"

"ఊరికే. వడ్ల బస్తాకి ఎక్కువా, తక్కువా అని."

ఆ పప్పు ఎందుకో కొంచెం చేదుగా తోచింది. మజ్జిగ పోసుకోకుండా లేచాడు. మర్నాటి నుంచి ఆమె తిన్నాకే తినడం మొదలుపెట్టాడు.

సోమవారం వచ్చింది. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా కింద జనం కూర్చున్నారు. లోపల టేకు కుర్చీలో నరసింహారావు వెనక్కి వాలి, సెక్రటరీ బిందు చేత తీర్మానం రాయిస్తున్నాడు. తలుపు దగ్గర సుకన్య కనపడింది. వెనక జాస్మిన్.

"నీకిక్కడేం పని? ఇంటికి పో."

"పిల్లలు ఆడుకోడానికి ఊళ్ళో ఉన్నది ఆ స్థలం ఒక్కటే. అది లారీలకి ఇచ్చేది లేదు. మీరు లేవండి."

గోడవారన నిలబడ్డ మగవాళ్ళు ముసిముసిగా నవ్వారు. నరసింహారావు అనుమానాలన్నీ ఒక్కచోటికి చేరాయి. అయిపోయింది, పుల్లమ్మ వర్గంలో కలిసిపోయింది. ఆయన కుర్చీ చేతులు రెండూ బిగించి పట్టుకున్నాడు.

"లేవను. చేతనైతే కుర్చీతో సహా లాక్కుపో."

సుకన్య ఆయన వెనక్కి వెళ్ళింది. కుర్చీ వీపు పట్టుకుంది. నడుము వంచలేదు, మోకాళ్ళు వంచింది. కుర్చీ ముందుకాళ్ళు గాల్లోకి లేచాయి. నరసింహారావు చూపు గోడ మీది నుంచి ఫ్యాను మీదికి పోయింది. నాపరాళ్ల మీద కుర్చీ కిర్రుమంటూ వెనక్కి కదిలి, తలుపు వైపు మళ్ళింది. బిందు బల్లని పక్కకి జరిపి దారిచ్చింది. యేసుపాదం ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, తలుపు రెండో రెక్క కూడా తెరిచాడు.

వరండాలోకి వచ్చాక ఆమె కుర్చీ ముందుకాళ్ళు మెల్లగా నేలకి దించింది. షామియానా కింద ఎవరో ఈల వేశారు.

"ఒసేయ్, నీకేమన్నా పిచ్చి పట్టిందా?" అంటూ ఆయన ఒక్క ఉదుటున లేచాడు.

లేవడమే ఆలస్యం, సుకన్య ఖాళీ కుర్చీని రెండు చేతులా ఎత్తి, పొట్టకి ఆనించుకుని లోపలికి నడిచింది. బల్ల వెనక వేసింది. పమిట చెంగుతో తుడిచింది.

ప్రమాణం చేసిన ఇన్నేళ్లకి, ఆ ఊరి సర్పంచి సుకన్య తన కుర్చీలో మొదటిసారి కూర్చుంది.