బామ్మర్ది పిడికిలి

మొదటి గుద్దు నడుము మీద పడింది. సైకిలు ముందుకు ఎగిరినంత పనయింది. పసుపు చొక్కా ఆటగాడు హ్యాండిల్ గట్టిగా పట్టుకుని వెనక్కి చూశాడు. కొట్టింది ఎవరో కాదు, సొంత బామ్మర్ది.

"ఒరేయ్, పిచ్చి పట్టిందా నీకు?"

"ముందు చూసి తొక్కు బావా," అన్నాడు బామ్మర్ది, మళ్లీ పిడికిలి బిగిస్తూ.

మూడు వారాలుగా ఊరూరా సాగిన పందెం ఇవాళ్టితో ఆఖరు. అన్ని రోజులూ కలిపి ఎవరికి తక్కువ సమయం పడితే వాడిదే పసుపు చొక్కా. బావకూ, రెండో స్థానంలో ఉన్నవాడికీ మధ్య తేడా గుక్కెడు నీళ్లు తాగేంత సేపే. ఆ రెండోవాడు బామ్మర్ది జట్టు నాయకుడు. జీతమిచ్చేవాడి పక్షాన నిలబడితే తప్పులేదు గానీ, అక్క మొగుణ్ణి నడిరోడ్డు మీద గుద్దడం ఎక్కడి నీతి?

అసలే బావ పరిస్థితి బాగాలేదు. పొద్దుటినుంచి తిన్నదల్లా కక్కేస్తున్నాడు. వంతెన ఎక్కుడు మొదలయ్యేసరికి తొడలు రాళ్లయిపోయాయి. పైకి మాత్రం పళ్లికిలించి నవ్వుతూనే ఉన్నాడు. పసుపు చొక్కావాడు నీరసపడ్డాడని తెలిస్తే పక్క జట్లన్నీ కాకుల్లా మీద పడతాయి. అందుకే సొంత కోచ్‌కి కూడా చెప్పలేదు.

చెవిలో పెట్టుకున్న రేడియోలో కోచ్ గొంతు గరగరలాడింది. "గుంపుని వదలకు. వంతెన దిగగానే నీలం కమాను వస్తుంది. అక్కణ్ణించి మూడే కిలోమీటర్లు. కమాను దాటాక గుంపులో ఉన్నవాడు ఎవడు పడినా గుంపుకిచ్చిన సమయమే వాడికీ ఇస్తారు. అంతదాకా ఎలాగోలా నెట్టుకురా."

"ఇక్కడ నా బామ్మర్ది నన్ను చంపేస్తున్నాడు."

"వెనక జడ్జీల కారు చూస్తూనే ఉంది. వాడి పని వాళ్లు పడతారు. నువ్వు తొక్కు."

తొక్కడానికి కాళ్లుంటే కదా. ముందున్నవాడి చక్రానికీ తనకీ మధ్య జానెడు సందు కాస్తా బారెడయింది. అంతలో రెండో గుద్దు. వెన్ను జివ్వుమంది. కోపం నషాళానికంటింది. ఆ ఊపులో పళ్లు బిగించి గుంపును అందుకున్నాడు. మళ్లీ సందు, మళ్లీ గుద్దు. ఈసారి బావ ఊరుకోలేదు. మోచేతిని వెనక్కి విసిరాడు. అది సరిగ్గా మూతికి తగిలి బామ్మర్ది పన్ను ఊడిపోయింది.

"మీ అక్క మొహం చూసి ఊరుకుంటున్నాను," అని అరిచాడు బావ.

"దీన్ని ఊరుకోవడమంటారా?" అని బామ్మర్ది నెత్తురు ఉమ్మేసి, ఇంకో గుద్దు గుద్దాడు.

వంతెన అయింది. దిగుడు అయింది. నీలం కమాను నెత్తి మీదుగా వెళ్లిపోయింది. చదును రోడ్డు తగలగానే గుంపు వేగం పెంచింది. బావ కాళ్లు ఇక మాట వినలేదు. గుంపు తోకన ఆఖరి చక్రాన్ని పట్టుకుని వేలాడుతున్నాడు. అది కూడా జారిపోబోతున్న క్షణంలో బామ్మర్ది పక్కకు వచ్చాడు. ఈసారి పిడికిలి కాదు, భుజం. ఒంటి బరువంతా మోపి బావను రోడ్డువారనున్న ఇనుప కంచె మీదికి తోసేశాడు.

మెడ కింది ఎముక విరిగిన చప్పుడు బావకే వినిపించింది. మోకాలి చర్మం తారుకు అంటుకుపోయింది. బామ్మర్ది అతని మీదుగా ఎగిరి మొహం నేలకేసి పడ్డాడు. ముక్కు చితికింది. చూస్తున్న జనంలోంచి ఎవరో వాడి మీదికి సీసా విసిరారు. అది తగిలితే బావకు హాయిగా అనిపించింది.

గుంపు కనుచూపు మేరలో లేదు. బావ ఒంటిచేత్తో సైకిలు లేపి, కుంటుకుంటూ నడిపించుకుపోయాడు. గుంపు నుంచి జారిపోయాకే పడ్డాననుకుని, మూడు వారాల కష్టం బూడిదలో పోసిన పన్నీరయిందని దారిపొడుగునా ఏడ్చాడు. గీత దాటి కూలబడ్డాడు.

కోచ్ పరుగెత్తుకొచ్చి వాటేసుకున్నాడు. "ఏడుస్తావేంటి? కమాను దాటాకే కదా పడ్డావు. పడేటప్పటికి గుంపులోనే ఉన్నావు. గుంపు సమయమే నీదీ. చొక్కా నీదే."

డాక్టర్ల డేరాలోకి తీసుకెళ్లేసరికి బామ్మర్ది అక్కడే బల్ల మీద కూర్చుని ఉన్నాడు, ముక్కులో దూది కుక్కుకుని. వాడి కోచ్ ఎదురుగా నిలబడి చిందులు తొక్కుతున్నాడు. "కమాను రాకముందే పడెయ్యమంటే దాటాక పడేస్తావా, దద్దమ్మా? జడ్జీలు నిన్ను రెండేళ్లు పందేల్లోకి రానివ్వరట. మా జట్టు ముఖం ఇక చూడకు." తిట్టి వెళ్లిపోయాడు.

బావ బాగున్న చేత్తో బామ్మర్ది చెంప ఛెళ్లుమనిపించాడు. ముక్కులోని దూది ఊడి కిందపడింది.

"ఇంట్లో మీ అక్క టీవీలో చూస్తూ ఉంటుందిరా. ఏ మొహం పెట్టుకుని మా గడప తొక్కుతావు?"

"పొద్దున అక్కే ఫోన్ చేసింది," అన్నాడు బామ్మర్ది, కారుతున్న నెత్తురు తుడుచుకోకుండానే. "నీకు ఒంట్లో బాగాలేదని, తిన్నదేదీ ఇమడట్లేదని. ఎవరికీ చెప్పొద్దన్నావట కదా."

"ఓహో. అదను చూసుకుని వంతెన మీద గుద్దావన్నమాట."

బామ్మర్ది ఊడిన పన్ను సందులోంచి నవ్వాడు.

"వేరే జట్టువాణ్ణి నేను, చేత్తో తోసి వంతెన ఎక్కిస్తే జడ్జీలు నీకూ శిక్ష వేస్తారు బావా. గుద్దితే నాకొక్కడికే."