నాలుగక్షరాల మాల

"ట్యూబులోకి ఎవరో తుమ్మారు," అంది మేడమ్, గ్లవ్స్ విప్పి బుట్టలో పడేస్తూ. "దొంగలు పగలగొట్టిన దుకాణం అద్దం మీది నెత్తురది. అందులో మన ల్యాబు వాళ్ల ఆనవాలు కనబడుతోంది. అందరివీ పోల్చి చూస్తున్నాను. ఎవరిదని తేలితే వాళ్లిక రానక్కర్లేదు."

ట్యూబులకు చీటీలు అంటించే ఆమె గుండెల్లో రాయి పడింది. తనే. ఇంకెవరు? ఆ ట్యూబు చేతిలో ఉండగానే నిన్న ఇంటికి ఫోన్ చేసింది, మాస్కు గడ్డం కిందికి లాగి మరీ.

చెయ్యక ఏం చేస్తుంది? కొడుకు అన్నం తిన్నాడో లేదో. గ్యాస్ కట్టేశాడో లేదో. సైకిల్ చైనుకు కోసుకున్న వేలికి ఇంజెక్షన్ వేయించుకోరా అంటే నవ్వి ఊరుకున్నాడాయె. మెట్లేమో తడి, జారితే?

"తాడు చూసినా పామంటావేంటక్కా," అని పక్క బల్ల అమ్మాయి ఎప్పుడూ ఏడిపిస్తుంది. చేరిన కొత్తలో పాఠం చెప్పిందీ ఆ పిల్లే. "డీఎన్‌ఏ అంటే ఏ, టీ, జీ, సీ. నాలుగే రసాయనాలక్కా. ఎవరి ఒంట్లోనైనా పూసల్లా గుచ్చి ఉండేవి అవే, వరుసే వేరు. బిడ్డ మాలలో సగం అమ్మది, సగం నాన్నది."

"మావాడి మొండితనం మాత్రం మొత్తం నాన్నదే," అని అప్పుడు నవ్వింది.

ఇప్పుడు నవ్వు రావట్లేదు. ఈ ఉద్యోగం పోతే వాడి చదువేం కాను? కడిగిన సీసాలే మళ్లీ కడిగింది. తాగిన నీళ్లే మళ్లీ తాగింది. మేడమ్ గది వైపు చూడకూడదనుకుంటూనే చూసింది.

పిలుపు రానే వచ్చింది. లోపలికెళ్లగానే మేడమ్ లేచి తలుపు మూసింది.

"కూర్చోమ్మా."

"నేనే మేడమ్. మాస్కు తీసి ఫోన్లో మాట్లాడాను. ఈ ఒక్కసారికీ..."

"నువ్వు కాదు. మనవాళ్లెవరూ తుమ్మలేదు. ట్యూబు శుభ్రంగానే ఉంది."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. బయటికెళ్లగానే ముందు కొడుక్కి ఫోన్ చేసి చెప్పాలనుకుంది.

మేడమ్ ఆమె కళ్లలోకి చూడలేదు.

"నీ తుంపరే పడుంటే మాల మొత్తం నీదే ఉండాలమ్మా, అద్దం మీది నెత్తురు నీతో సగమే కలిసింది."