పక్కన నిలబడ్డ ఆవిడ

కొత్త టీచరు ఒక్క మాట చెప్పింది.

పక్కన నిలబడ్డ ఆవిడ పది మాటలు చెప్పింది.

పిల్లలంతా గొల్లున నవ్వారు.

కొత్త టీచరు ముఖం వెలిగిపోయింది. పరాయి దేశంలో, మొదటి రోజు, మొదటి గంటలోనే తన జోకు పేలింది మరి.

నిజానికి ఆమె టీచరు కాదు, ఇన్సూరెన్సు ఆఫీసు ఉద్యోగి. నెల రోజులు సెలవు పెట్టి, రెండు విమానాలూ ఒక బస్సూ మారి, ఈ బస్తీ బడిలో ఉచితంగా లెక్కలు చెప్పడానికి వచ్చింది.

బడంటే రెండు గదులు, పైన రేకులు. బల్లకు ఐదుగురు, పుస్తకానికి ముగ్గురు.

మూడు వారాల్లో పెద్ద బడి ప్రవేశ పరీక్ష ఉంది. నెగ్గితే హాస్టలు, పై చదువు. తప్పితే ఇటుకల బట్టీ.

"పోయినేడు పరీక్ష నాటికి క్లాసులో మిగిలింది తొమ్మిదిమందే" అన్నాడు హెడ్మాస్టరు ఆ పొద్దున, క్లాసుకు ముందు. కుర్రతనంలో ఓడ మీద పనిచేసినప్పుడు ఆయన ఆమె భాష నేర్చుకున్నాడట.

"ఎందుకలా?"

"పిల్లలకు బడి మీద ధ్యాస ఉండదమ్మా. రెండు రోజులొస్తారు, నాలుగు రోజులు మానేస్తారు."

తర్వాత వెలిసిన నీలం గౌను తొడుక్కున్న ఒకావిడను చూపించాడు. "ఈవిడ మీ పక్కనే ఉంటారు. మీకేం బెంగ లేదు."

అనువాదానికి మనిషిని కూడా పెట్టారన్నమాట అనుకుంది కొత్త టీచరు.

ఇక పట్టపగ్గాల్లేవు. కాగితాలు చింపి సగాలూ పావులూ చూపించింది. పన్నెండుమందిని నిలబెట్టి, బోర్డు మీద 1/3 వేసి, మూడోవంతు కూర్చోవాలంది. ఆవిడ గడగడా ఏదో చెప్పింది. నలుగురు కూర్చున్నారు, మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఒకసారి హడావిడిలో బోర్డు మీద ఎనిమిదికి బదులు ఆరు వేసింది. ఆవిడ మెల్లగా వచ్చి, వేలితో చెరిపి, ఎనిమిది చేసింది.

ఫర్వాలేదే, ఈవిడకు అంకెలు కూడా వచ్చు అనుకుంది కొత్త టీచరు.

నాలుగో రోజుకు పిల్లలు గంట కొట్టకముందే వచ్చి కిటికీలకు వేలాడుతున్నారు. ఇరవై ఆరుమందీ హాజరు.

సాయంత్రం ఫోనులో ఆమె అక్కకు చెప్పుకోవడమే చెప్పుకోవడం.

"అక్కా, పిల్లలు నా నోటి వంక చూస్తూ కూర్చుంటున్నారే."

"నువ్వు లెక్కలు చెబుతానంటే మావాడు మంచం కింద దూరేవాడు కదే."

"మీవాడికి బుర్ర లేదు. ఇక్కడి పిల్లలు చురుకు."

ఒక్కటే చికాకు. ఆవిడ క్లాసులో అనర్గళంగా మాట్లాడుతుంది, బయట ఏం అడిగినా నవ్వి తలూపుతుంది. పైగా తను రెండు ముక్కలు చెబితే ఆవిడ పావుగంట లాగుతోంది.

వారం తిరిగేసరికి ఆమె ఉండబట్టలేక హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళింది.

"సార్, ఆవిడ సొంత కవిత్వం కలుపుతున్నారు."

"అలాగా?"

"నేనే నేరుగా చెప్పి చూస్తాను. రేపు ఆవిణ్ణి వెనక కూర్చోమనండి."

హెడ్మాస్టరు ఏదో అనబోయి, బుర్ర గోక్కుని, "సరే" అన్నాడు.

మర్నాడు ఆవిడ వెనక బల్ల మీద, పిల్లల మధ్య కూర్చుంది.

కొత్త టీచరు బొమ్మలు వేసింది, సైగలు చేసింది, ఎగిరింది, గెంతింది.

పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. ఒక్క లెక్క కూడా కదల్లేదు. ముందు బల్ల మీద పిల్ల ఆవులించింది.

అరగంటకు చేతులెత్తేసి, ఆవిణ్ణి ముందుకు రమ్మని పిలిచింది. ఆవిడ ముఖంలో నొచ్చుకున్న జాడే లేదు. వచ్చి, బోర్డు వంక ఒక్కసారి చూసి, మొదలుపెట్టింది. గది మళ్ళీ లేచింది.

ఆ తర్వాత రోజులు పరుగులు తీశాయి. ఒకరు గెంతడం, ఒకరు చెప్పడం. పరీక్ష ముందురోజు ఇంటికి పొమ్మన్నా పిల్లలు కదల్లేదు.

ఆమె తిరుగు ప్రయాణం ముందురోజు సాయంత్రం పెద్ద బడి నుంచి జాబితా వచ్చింది.

ఇరవై ఆరుమందిలో ఇరవై ముగ్గురు నెగ్గారు.

బస్తీ బస్తీ అంతా రోడ్డు మీదికొచ్చింది. తల్లులు వచ్చి కొత్త టీచరు బుగ్గలు పుణికారు. పిల్లలు ఆమెను ఎత్తుకోబోయి కిందపడేశారు. ఆమె లేచి, దుమ్ము దులుపుకోవడం కూడా మరిచిపోయి, వాళ్ళతో కలిసి అరిచింది.

మర్నాడు బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చుంది. సాగనంపడానికి హెడ్మాస్టరు వచ్చాడు.

"ఆవిడ రాలేదేం సార్?"

"పిల్లల్ని చేర్పించడానికి తెల్లారకముందే పెద్ద బడికి తీసుకెళ్ళారు."

"ఒక్కసారి కనబడితే బాగుండేది. నా థాంక్స్ చెప్పండి. మరోలా అనుకోకండి, వచ్చే ఏడాది నాలాంటివాళ్ళెవరైనా వస్తే, ఉన్నది ఉన్నట్టు అనువాదం చేసే మనిషిని పెట్టండి."

హెడ్మాస్టరు తెల్లబోయాడు. "అనువాదమా? ఆవిడకు మీ భాష ఒక్క ముక్క రాదమ్మా."

బస్సు కదిలింది.

"మరి ఇన్నాళ్ళూ పిల్లలకు ఏం చెప్పారు?" అంది ఆమె, కిటికీలోంచి సగం బయటికి వంగి.

ఆయన బస్సు పక్కనే నాలుగడుగులు వేస్తూ అన్నాడు: "లెక్కలేనమ్మా, ఇరవై ఏడేళ్ళుగా ఈ బడి లెక్కల టీచరు ఆవిడే, మీరు ముందు నిలబడితే పిల్లలు పరిగెత్తుకుంటూ వస్తారని, మీతో ఆ మాట చెప్పొద్దని నన్ను ఆపి, తన క్లాసు మీకిచ్చి పక్కన నిలబడ్డారు."