వెనక మోగిన హారన్

పెద్దాయన భార్యను చంపింది అంబులెన్సు డ్రైవరు. అందులో అనుమానం లేదు.

చిన్నాసుపత్రి నుంచి పెద్దాసుపత్రికి పరుగున చేర్చాల్సినవాడు ఖాళీ రోడ్డు మీద బండిని నింపాదిగా నడిపాడు. లోపల నర్సుకే చోటు సరిపోయింది. అతను తన పాత జీపులో వెనకే వస్తూ దారి పొడవునా హారన్ కొట్టాడు. ముందున్నవాడు లెక్కచేయలేదు.

పెద్దాసుపత్రి గేటు దాటేసరికి ఆమె లేదు.

స్ట్రెచర్ వెంట లోపలికి పరిగెత్తి, తేరుకుని బయటికొచ్చేసరికి అంబులెన్సూ లేదు. వాడి మొహమైనా చూడలేదు.

ఆ జీపు హారన్‌కు ఆమె పెట్టిన పేరు 'జలుబు చేసిన గాడిద'. ఇంట్లో వాళ్లిద్దరి మధ్యే నడిచిన మాట. ఆమె పోయాక జీపు అమ్మేశాడు. ఆ పేరు పలికే మనిషీ లేదు.

డ్రైవరు సంగతి మాత్రం కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాడు. అతను మొదలుపెడితే కోడలు వంటింట్లోకి, కొడుకు వీధిలోకి జారుకునేవారు.

బండ్ల వేగం తేల్చడం అతని పని. ఒక కార్ల పత్రిక అతణ్ణి పిలిపించుకునేది.

ఆ ఉదయం వాడకంలో లేని రన్‌వే మీద రెండు ఎస్‌యూవీలు పక్కపక్కన నిలిచాయి. పెట్రోలుది అతని చేతిలో ఉంది. కరెంటుది నడపడానికి ఆ ఒక్కరోజుకు ఎవరినో కుదిర్చారు. నెరిసిన మీసం, మాట తక్కువ.

నిలుచున్న చోటి నుంచి ఏది ముందు గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుందో తేలాలి. గాలివాటం వల్ల తేడా రాకుండా అటొకసారి, ఇటొకసారి.

"మీది గర్జించేలోపే కరెంటుది అవతల ఉంటుంది మాస్టారూ" అన్నాడు ఎడిటరు. "ఇవాళ మీకు మూడింది."

"గర్జించనిది బండేంటయ్యా? మిక్సీ!"

జెండా ఊగింది.

పెట్రోలు బండి ఒక్క ఊపున దూకింది. అతను అద్దంలో చూశాడు. కరెంటు బండి బాగా వెనకబడి, నీళ్ల మీద పడవలా వస్తోంది.

ఎడిటరు తల పట్టుకున్నాడు.

"ఏమయ్యా, జ్వరం బండికా నీకా? కాలికింద చీమేమైనా ఉందా, చచ్చిపోతుందని?"

"అలవాటండీ. ఆగిన బండిని కదిపేటప్పుడు కాలు దానంతటదే మెత్తబడుతుంది" అన్నాడు కొత్త మనిషి.

కొలతల కోసం కరెంటు బండిలో కూర్చున్న విలేకరి అమ్మాయి కాగితం కప్పు పట్టుకుని దిగింది.

"నిండా టీ! మర్చిపోయి బండిలోనే పెట్టాను. ఒక్క చుక్క ఒలకలేదు చూడండి."

పెద్దాయనకు ఒళ్లు మండింది.

"ఇలాంటి మెత్తకాలు వాడే మా ఆవిణ్ణి పొట్టన పెట్టుకున్నాడు."

"ఎవరండీ?" అన్నాడు కొత్త మనిషి.

పెద్దాయన చెప్పాడు. రెండు ఆసుపత్రులు, ఖాళీ రోడ్డు, జీపు, హారన్.

"కాస్త తొక్కి ఉంటే బతికేది. వాడి కాలు పడిపోను!"

"ఏ రంగు జీపండీ?"

"ఆకుపచ్చది. ఏం, కొంటావా? ఎప్పుడో అమ్మేశాను."

కొత్త మనిషి అతని మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత తల వంచుకుని బండెక్కాడు. బండ్లు వెనక్కి తిప్పుకుంటున్నంతసేపూ ఆ అమ్మాయితో ఏదో చెబుతూనే ఉన్నాడు.

మళ్లీ జెండా ఊగింది.

పెట్రోలు ఇంజను గొంతు సవరించుకునేలోపే కరెంటు బండి చప్పుడు లేకుండా దూరమైపోయింది.

పెద్దాయన అక్కడికి చేరేసరికి, కొత్త మనిషి ఎడిటరుకు తాళం ఇచ్చేసి గేటు వైపు నడుస్తున్నాడు. అమ్మాయి చొక్కా మీద పడిన టీ తుడుచుకుంటోంది.

"ఇంత తొక్కడం వచ్చినవాడు ఇందాక ఎందుకు తొక్కలేదట?"

"అతను అంబులెన్సు నడిపేవాడట బాబాయ్."

"అయితే?"

"ఒకావిణ్ణి తీసుకెళ్తున్నాడట. ఇక లాభం లేదని డాక్టరు నర్సుకు ముందే చెప్పాడట. వాళ్లాయనకు చెప్పే ధైర్యమే ఎవరికీ లేకపోయిందట. ఆవిడకూ తెలుసట. 'మెల్లగా పోనివ్వు బాబూ. నువ్వు పరిగెత్తితే వెనక మా ఆయనా పరిగెత్తిస్తాడు. ఆ కంగారులో దేన్నో గుద్ది నాకంటే ముందు పోతాడు' అందట."

పెద్దాయన బండి తలుపు పట్టుకున్నాడు.

"హారన్ మోగినప్పుడల్లా నవ్విందట బాబాయ్."

"నవ్విందా?"

"ఆ. 'జలుబు చేసిన గాడిద వెనకే ఉంది, నాకేం భయం' అని."

అతను బండి మెట్టు మీద కూలబడ్డాడు.

"నొప్పి... నొప్పి అని అనలేదటా?"

"లేదట. కుదుపు తగలనివ్వలేదుగా."

"మరి ఆ ముక్క నాతోనే చెప్పొచ్చుగా?"

"అదే అడిగాను. 'నేను చెబితే సాకు అనుకుంటారు. నేను వెళ్లాక నువ్వు చెప్పమ్మా' అన్నాడు."

పెద్దాయన దిగ్గున లేచి పెట్రోలు బండిని గేటు దాకా ఉరికించాడు. అప్పటికే అతను ఎక్కిన బస్సు కదిలింది. హారన్ కొట్టాడు. కొత్త బండి హారన్, మర్యాదగా మోగింది. బస్సు ఆగలేదు.

అతను ఇంజను ఆపేశాడు. ఇన్నేళ్లుగా గుండెల్లో బిగబట్టిందంతా ఒక్క నిట్టూర్పులో బయటికొచ్చింది. కళ్లు తుడుచుకున్నాడు. పెదవులు మాత్రం నవ్వుతున్నాయి.

ఆయాసపడుతూ ఎడిటరు వచ్చాడు.

"ఏంటి మాస్టారూ ఆ పరుగు? ఎవరతను?"

"మా ఆవిణ్ణి చివరిదాకా కుదుపు లేకుండా తీసుకెళ్లినవాడు. ఇక ఆ సంగతి నా దగ్గర ఎత్తకు. నేనూ ఎత్తను."