మూడవ భాగం

"ముగింపు చెప్పకండి! ఇంకొక్క మాట మాట్లాడితే మిమ్మల్ని బయటికి పంపాల్సి వస్తుంది."

గ్రంథపాలకురాలి గొంతు మెల్లగానే పలికినా కత్తి వాదరలా తగిలింది.

యువపాఠకుల బల్ల దగ్గర కూర్చున్న వృద్ధురాలు ఉలిక్కిపడి, పక్కనున్న అమ్మాయి నవల అట్టమీదనుంచి చేయి వెనక్కి తీసుకుంది.

అది మూడు భాగాల నవలలో రెండవది. ప్రేమించినవారి పేరు పైకి పలకడమే నేరమైన నగరం; చుట్టూ ఆకాశమంత గోడ; లోపల ఒక పిల్ల, వెలుపల ఒక కుర్రవాడు. ఆ పిల్ల చేయి తలుపు గడియమీద పడడంతో రెండవ భాగం ముగుస్తుంది. మూడవది ఇంకా వెలువడలేదు.

అక్కడికి వచ్చే పడుచుపిల్లలలో ఆ నవల చదవనివారు లేరు. చదివించినది గ్రంథపాలకురాలే. ఏ పిల్లకు ఏ ప్రేమకథ నచ్చుతుందో, ఏ పిల్ల ఏ చీకటి రాజ్యపు కథను తట్టుకోగలదో ముఖం చూసి చెప్పగల నేర్పరి. ఎంతైనా ఊరించేది గాని, ముగింపును మాత్రం పెదవి దాటనిచ్చేది కాదు. ముగింపు చెప్పడమంటే పుస్తకం గొంతు నులమడమేనని ఆమె నిశ్చితాభిప్రాయం.

"ఈ మామ్మగారు రోజూ ఇంతే మేడమ్," అంది ఆ అమ్మాయి. "గడియ తీశాక ఏమవుతుందో ఈవిడకి తెలుసట!"

"అచ్చే కాని పుస్తకం మీకెలా తెలుసండీ?"

"విన్నానమ్మా."

"ఎవరి నోట?"

వృద్ధురాలు తల వంచుకుని ఆ నవల అట్టను మళ్ళీ నిమిరింది.

"కొంపదీసి కలలోగాని వినబడిందా?"

పిల్లలు కిసుక్కుమన్నారు.

"అయినా ముగింపు తెలిసిపోయాక ఇక చదివేదేముందండీ?"

"తెల్లారుతుందని తెలిస్తే మాత్రం రాత్రి తరుగుతుందా అమ్మా? కాస్త ధైర్యంగా గడుస్తుంది, అంతే."

గ్రంథపాలకురాలు తన బల్ల వైపు నడిచింది. ఈ మనిషి పుస్తకాల అట్టలు నిమురుతుందే తప్ప ఒక్క పేజీ తెరిచి ఎరగదు. ఇటువంటివారితో వాదమేమిటి?

గ్రంథపాలకురాలు ఇంటికి వెళ్ళేసరికి ఆమె కూతురు దిండుకు చేరగిలబడి రొప్పుతున్నది. ఊపిరితిత్తులు చెడిపోయిన ఆ పిల్లకు మంచమే లోకమైంది. వైద్యులు ఏనాడో చేతులెత్తేశారు.

"మూడో భాగం వచ్చిందా అమ్మా?"

"వస్తుంది తల్లీ. చదువుకుందువుగాని."

"అప్పటిదాకా ఉంటానా?"

"ఛ! నోరు ముయ్యి."

"పోనీ నువ్వే చెప్పవే, ఆ పిల్ల బయటపడుతుందా?"

"నాకు తెలియందే ఎలా చెప్పనే?"

"తెలిసినవాళ్ళెవరైనా ఉంటే పిలుచుకురారాదూ!"

తల్లి ముఖం తిప్పుకొని మందుసీసా మూత బిగించింది.

మరునాడు ఆమె పుస్తకాల ఏజెంటుకు ఫోన్ చేసి, చుట్టూ జనమున్నారన్న స్పృహ లేకుండా ప్రాధేయపడింది. "మా అమ్మాయి ఆ పుస్తకం కోసమే ప్రాణాలు ఉగ్గబట్టుకునుందండీ! అచ్చుకాకపోతే రాతప్రతి అయినా ఇప్పించండి!"

ఫోన్ పెట్టేసి తలెత్తితే ఎదురుగా ఆ వృద్ధురాలు.

"ఒక్క పూట నన్ను మీ ఇంటికి రానివ్వమ్మా. పాప మంచం పక్కన కూర్చుని చెప్పేసి వెళ్ళిపోతాను. మంచినీళ్ళు కూడా అడగను."

గ్రంథపాలకురాలి మనసు ఒక్క క్షణం ఊగింది. మరుక్షణమే ఆమె దాన్ని కట్టుగొయ్యకు కట్టివేసింది.

"నా బిడ్డకి అసలు పుస్తకమే ఇస్తాను. మీ కల్లబొల్లి కథలు మాకొద్దు. రేపట్నుంచి ఈ గుమ్మం తొక్కకండి."

"పోనీ మీరైనా వినండమ్మా, మీ నోటితోనే పాపకి..."

"వద్దన్నానా!"

ఆమె రెండు చెవులూ గట్టిగా మూసుకుంది.

చేతులు తీసేసరికి ఎదుట ఎవరూ లేరు.

ఆ వారం తిరగనేలేదు. ఒకనాటి మధ్యాహ్నం కూతురు తల్లి చేయి పట్టుకుని, మాట కూడదీసుకుని అడిగింది.

"గడియ తీసిందంటావా?"

జీవితంలో మొదటిసారి ఆ తల్లి తన నియమం తప్పింది.

"తీసిందమ్మా."

"తరవాత?"

తల్లి వెతుక్కుంది. వేల పుస్తకాల మధ్య వెంట్రుకలు నెరిసిన ఆ మనిషికి ఒక్క వాక్యం దొరకలేదు.

ఆ పిల్ల కళ్ళు జవాబు కోసం తెరుచుకునే ఉండిపోయాయి.

కర్మలన్నీ ముగిశాక ఆమె తిరిగి పనిలో చేరిన రోజున, పుస్తకాల ఏజెంటు ఉత్త చేతులతో వచ్చాడు.

"మూడో భాగం ఇక రాదండీ. రాసిన కుర్రాడు పోయి ఏడాది దాటిందట. ప్రచురణకర్తలు గుట్టుగా ఉంచారు."

"రాతప్రతి?"

"లేదు. చివర్లో కలం పట్టే ఓపిక లేక, మిగిలిన కథంతా ఒక్కావిడకి నోటితో చెప్పాడట. ఆవిడకేమో అక్షరమ్ముక్క రాదు. ఊరూరా లైబ్రరీలు పట్టుకు తిరుగుతూ, ఆ నవల కనబడ్డ ప్రతి పిల్లకీ చెప్పబోయేదట. విన్న పాపాన పోయినవాళ్ళు లేరు."

గ్రంథపాలకురాలు యువపాఠకుల బల్ల దగ్గరి ఖాళీ కుర్చీ వైపు చూసింది.

"ఆవిడ ఎక్కడుంది?"

"పోయిందండీ. రాసుకోవడానికి ప్రచురణకర్తలు మనిషిని పంపేసరికే ఆలస్యమైపోయింది."

"ఎవరావిడ?"

"ఇంకెవరండీ," అన్నాడు ఏజెంటు, "బిడ్డ తల ఒళ్ళో పెట్టుకుని, వాడి ఊపిరి ఆగేలోపు ఆ కథ ముగింపుదాకా విన్న తల్లి."