పక్కపని

అత్త నాకూ, మా తోటికోడలు అక్కకూ చెరో చేట మిరపకాయలు ఇచ్చింది. "ఎవరు ముందు తొడిమలు తీస్తే వాళ్ళే మంత్రాలయానికి. ఇంకొకరు ఇల్లు చూసుకోండి" అంది.

మంత్రాలయానికి మా అమ్మ వస్తానని కబురు పంపింది. పెళ్ళయ్యాక ఆమెను చూడలేదు.

అక్క చేట సగమైంది. నేను లేచి, ముందుగదిలో మా ఆయన వేణుగోపాల్ నడిపే కంప్యూటర్ షాపుకు మళ్ళీ టీ తీసుకుపోయాను.

"ప్రాసెసర్లో రెండు కోర్లూ ఒకే వేగమంటివి కదప్పా! ఒకటి తక్కువ చూపిస్తాండాది. అంటగట్టినావా నాకు?" అని ఒకాయన అరుస్తున్నాడు.

"రెండూ సమానంగా పనిచేసేవేనన్నా. కొలిచేటప్పుడు కంప్యూటర్ లోపలి పక్కపని దేని మీద పడితే అది రవ్వంత నిదానంగా కనపడతాది. అది కోరు తప్పు కాదు" అన్నాడు మా ఆయన.

నేను ఆయన్ను తెర చాటుకు పిలిచాను. ఎప్పుడూ లేని ధైర్యం వచ్చింది.

"ఇదే మాట అత్తకు చెప్పండి. టీలు, నీళ్ళు, అన్నీ నా మీదే పడుతాండాయి."

ఆయన నన్నూ, నా ఎర్రటి వేళ్ళనూ చూశాడు. అర్థమైందనుకున్నాను.

"నిజమే" అన్నాడు మెల్లగా. "సరేగానీ, ఆ అన్న కోపం చల్లారాల. ఇంకో టీ తే."