సినిమాలో లేని ముక్క

“బెన్హూర్ సాల్సెడో దొంగ. నా కథ దొంగిలించాడు. దొంగిలిస్తే దొంగిలించాడు, దాన్ని పాడు కూడా చేశాడు,” అన్నాడు తియోదులో, ఖాళీ చేసిన గ్లాసుని బల్ల మీద బోర్లిస్తూ.

ఉన్నది ఒక్కటే గ్లాసు. అద్దెకి త్రిసైకిల్ తోలే అంబో దాన్ని అందుకుని, కూజాలోంచి కొబ్బరికల్లు వంచి లుర్దిత చేతికిచ్చాడు. బులాన్ ఊళ్ళో ఆడవాళ్ళ జుట్టు కత్తిరించే లుర్దిత కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఆ మధ్యాహ్నం మునిసిపాలిటీ వాళ్ళు బాస్కెట్‌బాల్ కోర్టులో తెర కట్టి, ఊరివాడైన బెన్హూర్ రాసిన సినిమా వేశారు. అవగానే ముగ్గురూ తిన్నగా సలుద్ నడిపే చిల్లర కొట్టు దగ్గరికి వచ్చి కూర్చున్నారు. సినిమా చూడడం ఒక ఎత్తు, ఈ బల్ల దగ్గర దాన్ని చీల్చి చెండాడడం ఒక ఎత్తు.

“ఏడిపించాడన్నా. కాకపోతే అంత గాలివానలోనూ హీరో క్రాపు చెదరలేదు. అదొక్కటే నాకు నచ్చలేదు,” అంది లుర్దిత.

“నువ్వు సబ్బు ప్రకటనకి కూడా ఏడుస్తావు,” అన్నాడు అంబో. “పోయిన నెల దయ్యం సినిమాకీ ఏడ్చావు.”

“దానికెవరూ లేరు పాపం, ఆ దయ్యానికి.”

“మరి దుబాయ్ నర్సు సినిమాకి?”

“దానికి ఏడవలేదు. నిద్రపోయా.”

కొట్టు కిటికీకున్న ఇనప ఊచల వెనక సలుద్ నవ్వింది. వేరుశనగల పొట్లం ఊచల సందులోంచి అందించింది. “ఇంతకీ కథేమిటో చెప్పండర్రా. నేను చూళ్ళేదుగా.”

సముద్రం ఉన్న సినిమాలు సలుద్ చూడదు. కొన్నేళ్ళ కిందట ఆమె భర్త ఫెర్మిన్ తెల్లవారుజామున ఒంటరిగా చేపల వేటకి వెళ్ళాడన్నారు. తిరిగి రాలేదు. పడవ చెక్క కూడా దొరకలేదు. అప్పుడు పనికోసం మస్బతే దీవికి వెళ్ళిన తియోదులో కబురు విన్నానంటూ పరుగున వచ్చాడు. పోయినవాడి కోసం చేసే తొమ్మిది రాత్రుల ప్రార్థనలకీ కుర్చీలు మోసింది అతనే. వాళ్ళ పిల్లకి బాప్తిస్మం నాటి జ్ఞానతండ్రి కూడా కావడంతో ఆ పిల్ల చదువు తన నెత్తిన వేసుకున్నాడు. తను మాత్రం వేట మానేశాడు. ఒడ్డున పడవలు బాగుచేసుకుంటూ బతుకుతున్నాడు.

“ఇద్దరు స్నేహితులు వదినా,” అన్నాడు అంబో. “గాలివానకి పడవ ముక్కలైపోయింది. పడవ ఒరిగిపోకుండా పక్కన కట్టే వెదురుబొంగు ఒక్కటి చేతికి దొరికింది. అది ఇద్దర్నీ మొయ్యదు. అప్పుడు ఒకడు, ‘పిల్లలు గలవాడివి, నువ్వు బతకరా’ అని చెప్పి చెయ్యి వదిలేస్తాడు.”

లుర్దిత ముక్కు చీదింది.

“వదిలేస్తాడుట!” తియోదులో పక్కకి తిరిగి ఉమ్మాడు. “మింగడానికి వస్తున్న నీళ్ళలో ఉపన్యాసం ఇస్తాడా ఎవడైనా? నేను చెప్పింది ఇది కాదు. బెన్హూర్ వాళ్ళ నాన్న పోయినప్పుడు, శవం దగ్గర జాగారం చేస్తూ మొత్తం చెప్పాను. కథకి నీ పేరు వేస్తానన్నాడు. ఇవాళ పేర్లన్నీ పడేదాకా కూర్చున్నా. అన్నం వండినవాడి పేరుంది. నా పేరు లేదు.”

“బడి మానేసినవాడి పేరు తెర మీద ఎందుకనుకున్నాడేమో,” అన్నాడు అంబో. “అయినా పడవెక్కమంటే వణుకుతావు, నీకు సముద్రం కథ ఎక్కడిదన్నా?”

“నా బుర్రలోంచి పుట్టింది.”

“ఫలానా సినిమా నా కథేనని చెప్పేవాళ్ళు మా షాపుకి రోజూ వస్తారు,” అంది లుర్దిత. “జుట్టు తడిపితే చాలు, మొదలెడతారు.”

ఇద్దరూ పగలబడి నవ్వారు. తియోదులో చెవులు ఎర్రబడ్డాయి.

“పోనీలే అన్నయ్యా, ఎవరి పేరుంటే ఏం?” అంది సలుద్.

“ఎందుకు పోవాలి చెల్లెమ్మా? నాకంటూ ఉన్నది అదొక్కటే. ఇది తియోదులో కథ అని ఈ ఊళ్ళో ఒక్కరైనా అనాలి.”

అంబో గ్లాసు నింపాడు కాని ఇవ్వలేదు. “సరే. సినిమాలో లేనిది, బెన్హూర్‌కి తెలియనిది ఒక్కటి చెప్పు. ఒప్పుకుంటా. నీ పేరు నా త్రిసైకిల్ వెనక రాయిస్తా.”

“నా కథలో వాడు వదల్లేదు. రెండోవాడే వదిలించాడు. వేళ్ళు ఒక్కొక్కటే ఊడదీసి.”

“అయ్యో! హీరో అలాంటి పని చేస్తే ఎవరు చూస్తారన్నా?” అంది లుర్దిత.

“హీరో ఎవడే అక్కడ? ఇద్దరికీ బతకాలనుంది. అంతే.”

“ఇది ఎవరికైనా తట్టేదే,” అన్నాడు అంబో, గ్లాసు ఇంకాస్త దూరం జరుపుతూ. “ఇంకోటి చెప్పు.”

తియోదులో బల్ల మీదికి వంగాడు. “సినిమాలో వాడి చెయ్యి చూశావా? ఇస్త్రీ చేసినట్టుంది. నా కథలో వాడి కుడి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంటుంది. పసుపుపచ్చ గుడ్డ, తెల్ల పూలు. తడిసి ముడి బిగిసిపోయింది. అన్ని వేళ్ళూ వచ్చాయి, అది మాత్రం ఆ బొంగుని పట్టుకుని వదలదే! చివరికి కొరకాల్సి వచ్చింది.”

అంబో గ్లాసు అతని ముందుకి తోశాడు.

“నీదే అన్నా కథ. ఇలాంటిది బెన్హూర్ వల్ల కాదు.”

“పూలు కూడా చెప్పాడు చూడు,” అంటూ లుర్దిత మళ్ళీ కళ్ళు తుడుచుకుంది.

తియోదులో మొహం విప్పారింది. గ్లాసు ఎత్తి పట్టుకుని ఊచల వైపు తిరిగాడు. “విన్నావా చెల్లెమ్మా? ఒప్పుకున్నారు. నాదే కథ.”

ఊచల వెనక పొట్లం కడుతున్న చేతులు ఎప్పుడు ఆగిపోయాయో ఎవరూ చూడలేదు. వేరుశనగలు ఒక్కొక్కటే కింద రాలుతున్నాయి.

“ఆ తెల్లవారుజామున ఫెర్మిన్ వేలికి ఆ గుడ్డ కట్టింది నేను,” అంది సలుద్.